నలభై ఒక్క వేల పౌరుషం

జనగామ,
మే 26.

అక్కకు,

ఇక్కడ ఎవరూ క్షేమంగా లేరు. అక్కడ బావ క్షేమమని అడక్కుండానే తెలుసు.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. మీ ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. బొగ్గు గనిలో పేలుళ్లకు చెవులు మందగించాయని బావ దాన్ని ఎప్పుడూ స్పీకర్ మీదే పెడతాడు. మొన్న నా మలబద్ధకం సంగతి నీకు చెప్పుకుంటే, తెల్లారేసరికి మీ కాలనీ నుంచి ఎవరెవరో ఫోన్ చేసి చిట్కాలు చెప్పారు. ఒకాయన తన అనుభవం కూడా వివరించాడు. అందుకే ఈ కాగితం. చదివి చింపెయ్యి.

సంగతి ఇది. కోడలు ప్రవళిక పుస్తెలతాడు ఫైనాన్స్ కంపెనీలో కుదువ ఉంది. పోయినేడు మేడ మీద గది స్లాబుకని వేణు పెట్టాడు. అసలూ వడ్డీ కలిసి లక్షా నలభై వేలైంది. వేలం వేస్తామని నోటీసు వచ్చింది. జూన్ నెలాఖరులోగా తొంభై వేలైనా కడితే వేలం ఆపి, మిగతాదానికి ఏడాది గడువిస్తామని కౌంటర్‌లో పిల్ల చెప్పింది. ప్రవళిక మెడలో పసుపుతాడు వేసుకొని బడికి పోయి పాఠాలు చెబుతోంది. అడిగినవాళ్లకు మొక్కున్నదని చెబుతోంది. ఏ దేవుడికి మొక్కిందని అడిగితే ఏం చెబుతుందో నాకు తెలియదు.

ఇంటి పరిస్థితి విను. నీ మేనల్లుడు వేణు రోజూ బస్సెక్కి తొర్రూరు పోయి ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తాడు. ఊళ్లోవాళ్ల బాకీలన్నీ అతని నాలుక మీద ఉంటాయి, తనవి తప్ప. బండి కిస్తీ, స్లాబు కిస్తీ, ఫోను కిస్తీ అన్నీ ఐదో తారీఖునే. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ గట్టిగా ఊపిరి కూడా పీల్చరు. వసూలువాడు ఫోన్ చేస్తే నాన్న స్నానం చేస్తున్నాడని చెప్పమని మనవడు అఖిల్‌కు నేర్పారు. మూడోసారి చేసినప్పుడు వాడు, "ఏం బాబూ, మీ డాడీకి ఇంకా మురికి పోలేదా" అన్నాడట. వసూలువాడికి ఉన్న హాస్యం మన వంశంలో ఒక్కడికీ లేదు.

ప్రవళిక వంటింట్లో స్టీలు డబ్బాలు వరసగా పెట్టి పాలు, కరెంటు, ఫీజులు, కిస్తీలు అని కాగితాలు అంటించింది. ఒక డబ్బాలో సొమ్ము ఇంకో డబ్బాలోకి పోకూడదు. అఖిల్ పుట్టినరోజు కేకు పాల డబ్బాలోంచి వచ్చింది కనుక వారమంతా నల్లచాయ్ తాగాం. నా పేరు మీద కూడా ఒక డబ్బా ఉంది. అంతకుముందు అది జీలకర్రది. గ్రంథాలయంలో ముప్పయ్యేళ్లు పనిచేసి, రాజ్యాలు ఎందుకు కూలాయో చెప్పే పుస్తకాలన్నీ చదివినవాణ్ణి. వాటిలో ఎక్కడా కొత్తిమీర ఖర్చు గురించి లేదు. మా ఇంట్లో రోజూ పొద్దున ఆ చర్చే.

నా దగ్గర ఉపాయం ఉంది. మహబూబాబాద్‌లో సత్తమ్మ వదిన నడిపే చిట్టీలో నేనూ ఉన్నాను. వేణుకూ ప్రవళికకూ తెలియదు. నెలకు ఐదు వేలు నా పింఛన్లోంచి తీసి, బీపీ మందులకని చెబుతున్నాను. నెలకు ఐదు వేల మందులు మింగేవాడు ఈపాటికి పోయి ఉండాలి. అయినా కోడలు అనుమానించలేదు. ఇరవై మందిమి, లక్ష రూపాయల చిట్టీ. ఎవరు ఎక్కువ వదులుకుంటామని పాడితే, అది పోను ఆ నెల లక్షలో మిగతాది వాళ్లది. వదులుకున్నది అందరం పంచుకుంటాం. ఎప్పుడూ పాట పది వేలు దాటదు. జూన్ ఎనిమిది ఆదివారం నేను పాడి తొంభై వేలు తెస్తాను.

నాకొక్క మాటివ్వు. బావకు చెప్పకు. ఆ చిట్టీలో అతనూ ఉన్నాడు కదా, పాటకు రాకుండా చూడు. మీ పెళ్లిలో మాంసంలో మూలుగున్న నల్లిబొక్క నా విస్తట్లో పడిందని విస్తరి ముందు నుంచి లేచిపోయిన మనిషి అతను. మన నాయిన మళ్లీ మేకను కోయించాడు. పెళ్లికని తెచ్చిన అప్పు మీద అది ఇంకో అప్పు. అలాంటివాడి ముందు కిష్టయ్య కోడలి మెడ బోసిగా ఉందని తేలడం కన్నా నేను ఆ జీలకర్ర డబ్బాలో దూరి మూత పెట్టుకుంటాను.

నీ తమ్ముడు,
కిష్టయ్య


భూపాలపల్లి,
జూన్ 2.

తమ్ముడు కిష్టయ్యకు,

నాకు నీ లెక్క ఉత్తరాలు రాయరాదు. మాట్లాడినట్టే రాస్తాన. ఏడో తరగతి దాక సదువుకున్నదాన్ని, తప్పులుంటె దిద్దుకొని సదువుకో, నీకు గదే ఇష్టం గదా.

పుస్తెలతాడు సంగతి సదివిన. నువ్వు చెప్పొద్దన్నవు, చెప్ప. నా కడుపుల ఎందరి మాటలున్నయో నీకేం ఎరుక.

అయితె ఒక్కటి. మీ బావ గూడ ఈ నెల చిట్టీ పాడుతడట. ఏసీ కావాల్నట. నలభై ఏండ్లు భూమిల ఉడికిన, ఇగ చల్లగ పండుకుంట అంటాండు. నేను పోవద్దంటె తప్పకుంట పోతడు. పొమ్మన్నా పోతడు. గందుకె ఏమనలేదు.

నువ్వు ఆడ జర నోరు అదుపుల పెట్టుకో. ఎవలన్న ఒకలు తగ్గుతరు. పెద్దోళ్లు గదా ఇద్దరు.

మీ అక్క,
రాములమ్మ


జనగామ,
జూన్ 10.

అక్కకు,

ఎవరన్నా ఒకరు తగ్గుతారని రాశావు. నీ మొగుడు తగ్గలేదు. నేనెందుకు తగ్గాలి?

రేపు అతను అబద్ధం చెబుతాడు కనుక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. సత్తమ్మ వదిన ఇంట్లో భోజనాల ముందే పాట మొదలైంది. నేను ఎనిమిది వేలన్నాను. ఎదురింటి తుల్సీబాయి తొమ్మిదంది. నేను పది. అక్కడితో ఆగాలి, ఎప్పుడూ అక్కడే ఆగుతుంది. మూలన కుర్చీలో బావ కళ్లద్దాలు తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా, "పన్నెండు" అన్నాడు.

ఏసీ. ఒకడికి చల్లగాలి కావాలి, ఒకడి కోడలికి మెడలో తాడు కావాలి. నాకు ఒళ్లు మండిపోయింది. పదిహేనన్నాను. అతను పద్దెనిమిది. ఇరవై దాటాక తుల్సీబాయి వంటగదిలోవాళ్లను కూడా పిలుచుకొచ్చింది. పాతిక దగ్గర పిల్లలు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. మేం ఎంత వదులుకుంటే వాళ్లకంత వాటా కదా. ముప్పై దగ్గర వదిన అడ్డం వచ్చి, ఇది చిట్టీ పాటనా, ఆస్తి పంచుకునే పాలోళ్ల పంచాయతా అని అడిగింది. అలా అడుగుతూనే అందరికీ వాటా ఎంత పెరిగిందో వేళ్ల మీద లెక్కపెడుతోంది.

బావ నలభై అన్నాడు. నేను నలభై ఒకటన్నాను. అప్పుడు మొదటిసారి నా మొహం చూశాడు.

"తీసుకో బామ్మర్ది. అన్ని నువ్వే తిను. గా రోజు నల్లిబొక్క తిన్నట్టు," అని లేచి, అన్నం తినకుండా బస్టాండుకు పోయాడు. ఈసారి అతని కోసం ఎవరూ మేకను కొయ్యలేదు.

నేను గెలిచాను. లక్ష రూపాయల చిట్టీ యాభై తొమ్మిది వేలకు గెలిచాను. ఇరవై మందికీ మనిషికి రెండు వేల చిల్లర పంచారు. వదిన మురిసిపోయి అప్పటికప్పుడు సేమ్యా పాయసం చేయించింది. తుల్సీబాయి నా చేతులు పట్టుకొని, "వచ్చే నెల గూడ మీరిద్దరు తప్పకుంట రావాలె అన్నా" అంది. ప్యాసింజర్ రైల్లో కూర్చున్నాక తెలిసింది నేనేం చేశానో.

ఫైనాన్స్‌లో యాభై తొమ్మిదీ కట్టాను. అది తొంభై కాదు కనుక ఏడాది గడువు లేదట. నన్ను చూసి జాలిపడి నెల పెంచింది ఆ కౌంటర్ పిల్ల. జూలై నెలాఖరులోగా మిగతా ఎనభై ఒక్క వేలూ మొత్తం కట్టాలి. లేకపోతే తాడు వేలానికి పోతుంది.

ఇంటికొచ్చి ప్రవళికకు అంతా చెప్పాను. చిట్టీ సంగతీ, మందుల అబద్ధమూ, పాటా. తిడుతుందనుకున్నాను. "పెద్దమామ ఎంత దాక పాడిండు?" అని అడిగింది. నలభై దాకా అన్నాను. కొంగు నోట్లో కుక్కుకొని వంటింట్లోకి పోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో బయటికి తెలియలేదు. ఆ పూట కూరలో ఉప్పు లేదు. ఎవరూ అడగలేదు.

నీ మొగుడి ఏసీ చల్లగా ఉండుగాక.

కిష్టయ్య


భూపాలపల్లి,
జూన్ 18.

తమ్ముడు కిష్టయ్యకు,

ఏసీ లేదు, గీసీ లేదు.

ఇగ దాపెట్టేది లేదు, రాస్తాన. మే నెలల ప్రవళిక నాకు ఫోన్ చేసింది. మెడల తాడు లేదు పెద్దత్తమ్మా, నోటీసొచ్చింది, ఏం జెయ్యాల్నో తెలుస్తలేదని ఏడ్సింది. ఫోను స్పీకర్ మీదనె ఉన్నది. మీ బావ విన్నడు. మూడో దినం, ఈసారి చిట్టీ ఎత్తి కోడలుకిస్త అన్నడు. మామయ్యకు మాత్రం చెప్పొద్దని ప్రవళిక నాతోటి ఒట్టేయించుకున్నది. నీకు తెలిస్తె అన్నం మానేస్తవని దాని భయం. బామ్మర్దికి తెలిస్తె నా పైసలు ముట్టడు, ఏసీకని చెప్పు అని మీ బావ. అండ్లనె నీ ఉత్తరమొచ్చె, బావకు చెప్పకని.

నీకు మాటిచ్చిన. కోడలుకు మాటిచ్చిన. ఆయనకు మాటిచ్చిన. ముగ్గురి మాట నిలబెట్టి మీ కొంప ముంచిన.

ఎవలు ఎత్తుకున్నా తాడు ఇంటికొస్తది గదా అనుకున్న. ఇద్దరు ఒక్క తాడుకె పోయి కొట్లాడుతుండ్రు, కొట్లాడనియ్యి, ఒకలు తగ్గుతరనుకున్న. మీ పౌరుషం సంగతి మర్సిపోయిన. నాదే తప్పు, మీ ఇద్దరి నడుమ యాభై ఏండ్ల సంది ఉన్నదాన్ని.

ఆయన ఇంటికొచ్చి గోడకు మొహం బెట్టి పండుకున్నడు. ఆడు ఎందుకు పాడిండే అన్నడు. అప్పుడు నీ ఉత్తరం సదివి వినిపిచ్చిన. చింపలేదు. నల్లిబొక్క కాడికొచ్చేసరికి గది రెండుసార్లు సదివిపిచ్చుకున్నడు.

వచ్చే నెల ఆయన చిట్టీ ఉన్నది, మళ్ల పాడుతడు. నువ్వు ఎత్తినోనివి, నీకు పాడే హక్కు లేదు. మూల కూసొని నోరు మూసుకో. ఇద్దరు కొట్లాడక పోతె పది, పన్నెండు వేలకు అయిపోతది. పరేషాన్ ఏందంటె, ఆ బావ బామ్మర్దులు వస్తుండ్రా అని మానుకోట నుంచి మన చిట్టీలోళ్లు ఇప్పటికె నలుగురు ఫోన్ చేసిండ్రు.

మీ అక్క,
రాములమ్మ

కింద ఇంత జాగ ఉంటె రాస్తాన. బామ్మర్ది, నలభై ఒకటి అన్నప్పుడు నిన్ను తన్నాలనిపిచ్చింది. ఇప్పటికి అట్లనె ఉన్నది. నల్లిబొక్క సంగతి నువ్వు రాసింది తప్పు. నేను లేసింది బొక్క కోసం కాదు. నా విస్తట్ల వడ్డించేటోడు నన్ను ఎగతాళి చేసినట్టు నిన్ను జూసి నవ్విండు. — ప్రభాకర్


జనగామ,
జూలై 20.

అక్కకు,

పదమూడో తారీఖు జరిగింది బావ నీకు చెప్పే ఉంటాడు. అతను చెప్పింది సగమే అయి ఉంటుంది, ఎందుకంటే మిగతా సగం అతని చెవికి అందలేదు.

ప్రవళిక నా వెంట వచ్చింది, కాపలాకి. పసుపుతాడును కొంగులో దాచుకుంది. సత్తమ్మ వదిన ఇల్లు పెళ్లిల్లులా ఉంది. అవతలి వీధివాళ్లు కూడా వచ్చారు, చిట్టీలో లేనివాళ్లు. కూలర్ తెచ్చి హాల్లో పెట్టారు. బావకూ నాకూ ఎదురెదురుగా కుర్చీలు వేశారు, మధ్యలో ఖాళీ వదిలారు, కోడిపందానికి వదిలినట్టు. ఒకాయన నా పక్కన చేరి, ఆ పెళ్లిలో బొక్క ఎవరు తిన్నారన్నా అని అడిగాడు. ప్రవళిక నా మోకాలు నొక్కింది. నేను గోడ మీద క్యాలెండర్ చదివాను. జూలైలో ఉన్న పండుగలన్నీ నాకిప్పుడు కంఠస్థం.

బావ ఎనిమిదన్నాడు. తుల్సీబాయి పదంది. బావ పన్నెండు. ఎవరో పద్నాలుగన్నారు, ఊరికే, బావను రెచ్చగొట్టడానికి. బావ పదిహేను. తుల్సీబాయి పదహారంది. ఆమె నవ్వుతూ అనలేదు, ఆమెకూ నిజంగానే అవసరముంది. బావ గొంతు తగ్గించి పద్దెనిమిదన్నాడు. ఎనభై రెండు వేలు వస్తాయి. కట్టాల్సింది ఎనభై ఒకటి. ఇంకొక్కసారి ఎవరన్నా నోరెత్తి అతను దాటితే తాడు రాదు. అతను నా వైపు చూశాడు. వెనకాల ఎవరో ఇరవై అనబోతున్నారు.

అక్కా, నేను చదివినవాణ్ణి. ఇలాంటి సమయంలో మనుషులు ఏం మాట్లాడతారో ఎన్నో పుస్తకాల్లో చదివాను. ఒక్క మాటా గుర్తు రాలేదు. లేచి నిలబడ్డాను.

"జర ఆగుండ్రి. నా కోడలు పుస్తెలతాడు ఫైనాన్సుల ఉన్నది. పోయిన నెల నేను పాడింది గందుకె. ఇయ్యాల మా బావ పాడేది గూడ గందుకె. ఇంతకన్న ఎక్కువ పోతె తాడు రాదు. మీకు దండం పెడుత."

ప్రవళిక తలొంచుకుంది. ఇక ఈ చుట్టాల మధ్య తలెత్తుకొని తిరగలేననుకున్నాను. తుల్సీబాయి అడిగింది, "ఏ ఫైనాన్సుల అన్నా?"

పేరు చెప్పాను.

"నాది గూడ ఆడ్నే. ఈడి బ్రాంచిల." మెడలో గొలుసు వేలితో ఎత్తి చూపించింది. "గిది గిల్టు."

సత్తమ్మ వదిన తన గాజులు వెనక్కి లాక్కోబోయి, మానేసి, అవీ గిల్టేనంది. అల్లుడి బోరుబావి కోసం అసలువి పోయిన సంక్రాంతికే పోయాయట. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు. ఒకామె చెవికమ్మలు తీసి ముక్కు దగ్గర పెట్టుకొని, వారానికోసారి మెరుగు పెట్టించకపోతే ఇత్తడి వాసనొస్తుందని చూపించింది. నాకు తెలిసి ఆ హాల్లో నిజమైన బంగారం ఒక ముసలాయన పన్నుకు మాత్రమే ఉంది, అది ఊడదు. ఏళ్ల తరబడి పెళ్లిళ్లలో ఒకరి మెడలు ఒకరు చూసి కుళ్లుకున్నది అందరూ గిల్టును చూసేనని తేలేసరికి, ముందు వదిన నవ్వింది, తర్వాత ఆపడం ఎవరివల్లా కాలేదు. ఏ కంపెనీ ఎంత వడ్డీ అంటోంది, వసూలువాడికి ఎవరేం చెబుతున్నారు అనే చర్చ అన్నం చల్లారేదాకా సాగింది. ఒకావిడ తన మొగుడు చనిపోయాడని చెప్పిందట. ఆ మొగుడు పక్కనే కూర్చొని పప్పు కలుపుకుంటున్నాడు.

పాట పద్దెనిమిది దగ్గరే ఆగింది. వచ్చే నెల చిట్టీ తుల్సీబాయికి, ఎవరూ పోటీ పడకూడదని వదిన తీర్పు చెప్పింది.

శుక్రవారం తాడు ఇంటికొచ్చింది. వేణు తెచ్చాడు. ప్రవళిక చేతికిచ్చి, ఆ పూట గిన్నెలు తోమాడు. ప్రవళిక నన్నూ తననూ కలిపి తిట్టింది. మీరు నాకు చెప్పకపోతిరి, నేను మీకు చెప్పకపోతిని, చెప్పుకొని ఉంటే ముప్పై వేలన్నా మిగిలేవి కదా మామయ్యా అంది. ఇకనుంచి నా పింఛను అణా పైసలతో సహా ఆమె డబ్బాల్లోకే. బీపీ మందులు చీటీ చూపిస్తేనే.

బావకు చెప్పు. అతని ఎనభై రెండు వేలూ అప్పుగానే తీసుకున్నాను. నెలకు రెండు వేల చొప్పున కడతాను. ఊరికే తీసుకునేవాణ్ణి కాను. ఆ పెళ్లి రోజు వడ్డించేవాణ్ణి నవ్వించింది నేనే. అది కూడా చెప్పు.

కిష్టయ్య


భూపాలపల్లి,
జూలై 26.

బామ్మర్దికి,

రెండు వేలు వద్దు. కోడలు ఇంట్ల పిల్లగాడున్నడు. నెలకు వెయ్యి చాలు. నువ్వె నవ్విచ్చినవని నాకు ఎరుకె.

ప్రభాకర్


జనగామ,
జూలై 30.

బావకు,

రెండు వేల ఐదు వందలు.

కిష్టయ్య


భూపాలపల్లి,
ఆగస్టు 4.

బామ్మర్దికి,

ఐదు వందలు. ఇంకొక్క మాట మాట్లాడితె గవి గూడ తీసుకోను.

ప్రభాకర్


జనగామ,
ఆగస్టు 8.

బావకు,

మూడు వేలు. వడ్డీ వేరే.

కిష్టయ్య


జనగామ,
ఆగస్టు 14.

పెద్దమామకు,

ప్రవళిక నమస్కరించి రాస్తున్నది. మీకు రాసిన నాలుగు వేల కార్డు మామయ్య పోస్టు చెయ్యమని అఖిల్‌కిచ్చిండు. నేను చూసి పక్కకు పెట్టిన. ఇట్లనే వదిలిపెడితే మీరు మాకే ఎదురు కట్టాల్సి వస్తది, ఆయన మీ ఇల్లు కొనాల్సి వస్తది.

నెలకు పదిహేను వందలు. ఒకటో తారీఖు పెద్దత్తమ్మ ఖాతాల పడుతయి. మామయ్యకు ఆయనే గెలిచిండని చెప్పిన. మీరు గెలిచిండ్రని మీకు చెప్తున్న. కలిసినప్పుడు ఇద్దరూ ఈ సంగతి మాట్లాడొద్దు.

లెక్క వేసిన. బాకీ తీరేసరికి నాలుగున్నర ఏండ్లు పడుతది. అందాక మీరిద్దరు ఉండాలె. ఎవలు ముందు పోయినా నా లెక్క తప్పుతది.

మీ కోడలు,
ప్రవళిక